బీరువాలో బాలింత

లింగస్వామిలోని లోపాలు చెప్పమంటే అరుణజ్యోతి తడుముకోదు. తడి తువ్వాలు మంచం మీద వేస్తాడు. ఆమె సీరియల్ చూస్తుంటే వార్తలు పెడతాడు. ఇవన్నీ క్షమించవచ్చు. కానీ పెళ్లయిన పదకొండేళ్లలో ఒక్కసారైనా "తప్పు నాది" అన్న పాపాన పోలేదు. పాలు పొంగితే స్టవ్వుది తప్పు, దారి తప్పితే దారిది.

అలాంటి మనిషిని సకల జనుల సమ్మె ఇంట్లో కూర్చోబెట్టింది. అతను ఆర్టీసీ కండక్టరు. పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో నినాదాలు, మధ్యాహ్నానికి కొత్తపేట ఇంట్లో అన్నం, ఆ తర్వాత పనేమీ లేదు. ఏళ్లుగా జనాన్ని ముందుకు జరగమని అరిచిన నోరు ఇప్పుడు వంటింట్లో డబ్బాలను జరగమంటోంది.

సరిగ్గా అప్పుడే బీరువాలో రాణి ఏడు గుడ్లు పెట్టింది.

రాణి అంటే గండుచీమల రాణి. వాన వెలిసిన ఓ సాయంత్రం డాబా మీద, రెక్కలు రాల్చుకుని తిరుగుతూ అరుణజ్యోతి కంటబడింది. డిగ్రీలో చదివిన జువాలజీని ఇన్నాళ్లూ బొద్దింకల మీదే ఖర్చుపెట్టిన ఆమెకు, ఒక చీమల సంసారాన్ని మొదటి గుడ్డు నుంచీ చూడాలని కాలేజీ నాటి కోరిక. రాణిని టెస్ట్‌ట్యూబులో పెట్టింది. అడుగున నీళ్లు, వాటికి అడ్డంగా దూది, మూతికి మళ్లీ దూది. చీమల కంటికి ఎరుపు ఆనదు కాబట్టి చుట్టూ ఎర్రటి పల్చని కాగితం చుట్టి, పట్టుచీరల మధ్య దాచింది. మొదటి పిల్లలు చీమలయ్యేదాకా రాణి ఏమీ తినదు. తన రెక్కల కండలనే కరిగించి వాటిని పెంచుతుంది. కదిలిస్తే మాత్రం బెదిరి తన గుడ్లను తానే తినేస్తుంది.

"నెల దినాలు తినకుంట ఎట్లుంటదే? బాలింతను ఎండబెడ్తున్నవ్!" అన్నాడు లింగస్వామి.

"అది బాలింత గాదయ్యా, చీమ."

"చీమైతే ఏంది, తల్లి గాదా? మా అమ్మ నన్ను కన్నప్పుడు..."

"నిన్ను కన్నప్పుడు నాకేం పెట్టిన్రురా? జొన్న గటక," అంది మూలన కూర్చున్న తల్లి అండాలమ్మ.

"బీరువ ముట్టకు," అంది అరుణజ్యోతి. "గీ ఒక్కటి నాకు ఇడ్సిపెట్టు."

నాలుగు రోజులకు చూస్తే ఏడు గుడ్లూ లేవు. అరుణజ్యోతి మంచం అంచున కూలబడింది.

"అమ్మ ఏమన్న పెట్టిందేమో," అన్నాడు లింగస్వామి పేపరు దించకుండా. "రోజు గడప కాడ చీమలకు పిండి సల్లుతది గద."

"గడప కాడ సల్లుత గాని బీరువల ఎందుకు సల్లుతర?" అంది అండాలమ్మ. ఆ సాయంత్రం ఆమె చాయ్ ముట్టలేదు.

దూది తీసి చూస్తే బెల్లం పలుకు. అత్త చల్లేది బియ్యప్పిండి. పల్లీలతో బెల్లం నమిలే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే. అడిగితే బెల్లానిదే తప్పంటాడు. అందుకే అరుణజ్యోతి అడగలేదు. రాణిని తీసుకెళ్లి, చుట్టాలొస్తే తప్ప దించని పెద్ద కుక్కరులో పెట్టి అటకెక్కించింది. బీరువాలో అలాంటిదే ఇంకో ట్యూబు పెట్టింది. అదే దూది, అదే ఎర్ర కాగితం, లోపల, పైనుంచి చూస్తే రాణిలాగే కనబడే ఓ పొడుగాటి లవంగం. ఈ సంగతి అత్త చెవిన మాత్రం వేసింది. అండాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి, చాయ్ అడిగి మరీ తాగింది.

లింగస్వామి రోజూ బటాణీ గింజంత బెల్లం పెట్టేవాడు. కుడుతుందని భయం, సగం కళ్లు మూసుకునే పెట్టేవాడు. మర్నాటికి బెల్లం ఉండేది కాదు. "కొంతమంది తినదన్నరు. నాకేం తెలుస్తదిలే," అని గోడతో చెప్పి మురిసేవాడు. సమ్మె ముగిసి ఎల్బీనగర్ బస్సెక్కే రోజులొచ్చినా, డ్యూటీకి ముందు బీరువా దగ్గర "జర తిను తల్లీ" అన్న గుసగుస మానలేదు.

అటక మీద రాణి మళ్లీ గుడ్లు పెట్టింది. అవి పురుగులయ్యాయి, గూళ్లు అల్లుకున్నాయి. ఓ ఆదివారం అరుణజ్యోతి కుక్కరు దించి అతని ముందు పెట్టింది. ట్యూబులో మూడు బుల్లి చీమలు తల్లి చుట్టూ తిరుగుతున్నాయి. ఒకటి ఆమె మూతి నాకుతోంది.

లింగస్వామి ట్యూబు మీదికి వంగాడు. "మరి బీరువల ఉన్నదేంది?"

అండాలమ్మ ఆ ట్యూబు తెచ్చి అతని అరచేతిలో దులిపింది. "వాసన సూడు బిడ్డా."

చూశాడు.

"మరి బెల్లం?"

"రోజు నేనే తిన్న. అప్పటి బాలింతను నేనే గదరా."

లింగస్వామి లవంగం వైపు చూశాడు, బీరువా వైపు చూశాడు. ఎవరి మీద నెడదామా అని ఇల్లంతా వెతికాడు. అరుణజ్యోతి చీమల ట్యూబును చిన్నగా అతని వైపు జరిపింది, చూసుకోమన్నట్టు.

"అప్పటి గుడ్లు నా తోటే పోయినయ్," అన్నాడు చివరికి, గొణుగుతూ. "అమ్మను ఉత్తగనే అన్న. తప్పు నాదే."

"ఏందిరా? వినవడలే," అంది అండాలమ్మ.

లింగస్వామి గొంతు సవరించుకున్నాడు. వెనక సీటు దాకా వినబడే కండక్టరు గొంతుతో అన్నాడు:

"తప్పు నాదేనమ్మా!"