దేవుడి గోడకి గుల్ల

మైలవరంలో చెల్లెల్ని చూసి భవానీపురం తిరిగొచ్చిన జీవరత్నం గూట్లో చెయ్యి పెట్టాడు. రాయి లేదు.

వాల్తేరులో ప్రొఫెసరు గారు నమ్మి చేతికిచ్చిన రాయి అది. హిమాలయాల్లో దొరికింది. అందులో పొడవాటి ఆలిచిప్ప ఒకటి రాయైపోయి ఉంది. ఏనాడో సముద్రాల్లో ప్రాణులు కుప్పలుగా చచ్చి, పగడాల దిబ్బలన్నీ పాడుపడ్డాక, ఈ జాతి చిప్పలే బురదలో నిటారుగా నిలబడి, ఒకదాన్నొకటి ఆనుకుని కొత్త దిబ్బలు కట్టాయి. ఆ సముద్రం నుంచి ఈ సముద్రానికి పాకిపోయాయి. ఎలా పాకాయన్నదే అతని పరిశోధన. సోమవారం యూనివర్సిటీ పెద్దల ముందు ఆ రాయి పెట్టి మాట్లాడితేనే సీటు నిలిచేది.

"అమ్మా, గూట్లో రాయేదీ?"

దానమ్మ మొహం వెలిగిపోయింది. "సున్నం బట్టీకిచ్చాన్రా నాయనా! క్రిస్మస్‌కి గుడికి సున్నం వెయ్యాలని ఇంటికో తట్ట గుల్ల చిప్పలు ఇస్తున్నాం గదా. కొడుకు తెచ్చిన మొదటి గుల్ల! ప్రథమఫలం దేవుడిది కాదూ?"

"అది గుల్ల కాదమ్మా!"

"చిప్ప అని నువ్వేగా చూపించావు?"

అతను కృష్ణ ఒడ్డుకి పరుగెత్తాడు. బట్టీ రాత్రే అంటించారు.

"ఏరా ఎమ్మెస్సీ, బట్టీకి పాఠం చెబుదామనొచ్చావా?" అన్నాడు బట్టీ కాల్చే ఆమోసు.

"నా రాయి తియ్యి బాబాయ్!"

"గుడి సున్నంరా! సగంలో తోడితే సంఘమంతా కలిసి నన్ను తోడేస్తుంది."

జీవరత్నం అతని కాళ్లు పట్టుకున్నాడు. ఆమోసు ఇనుప కొక్కెం పెట్టి లాగాడు.

రాయి దొర్లుకుంటూ వచ్చింది. చిప్ప చిప్పలాగే ఉంది, మల్లెపువ్వులా తెల్లగా.

"దేవుడున్నాడ్రా! చెక్కు చెదర్లేదు!" వెనకే రొప్పుతూ వచ్చిన దానమ్మ చేతులు జోడించింది.

ఆమోసు తలెత్తలేదు. బట్టీల పక్కనే పెరిగిన జీవరత్నానికీ తెలుసు. చల్లారాక చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. ఇక అది రాయి కాదు, సున్నం. చుక్క నీళ్లు పడితే పొంగి విచ్చిపోతుంది. ఏటి గాలి తేమ చాలు, వాల్తేరు చేరేలోపు పిడికెడు పొడి మిగులుతుంది.

"పనికొస్తుందిగా నాయనా?"

"వస్తుందమ్మా."

గాలికి అడ్డంగా కూర్చుని కాగితం తీశాడు. తన ఊపిరి తడి కూడా తగలకూడదని మూతికి తువ్వాలు బిగించుకుని, అది విచ్చిపోయేలోపు చిప్ప బొమ్మ గీయడం మొదలుపెట్టాడు.

"మూతికి ఆ గుడ్డేంట్రా?"

"పొగమ్మా."

పెన్సిలు ఇంకా మొదటి అంచు దాటలేదు. చిప్ప నడుమ సన్నటి చీలిక కనబడింది.