రెండు చుక్కలు

ముప్పై ఒక్క ఏళ్లుగా ఒలెగారియో మోంతెవిదేవోలోని ఒక ప్రయోగశాలలో సీసాలు కడుగుతున్నాడు. ఆ రోజు బల్ల మీదికి ఆరు సీసాలు వచ్చాయి. ఆరూ తను కడిగి పంపినవే. వాటిలో ఉన్నవి తన పేట బావుల నీళ్లు. నాలుగోదాని మీద కూతురు నెలీదా ఇంటి నంబరు ఉంది. నెలీదాకి ఏడో నెల.

పేట పక్కనే పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే కంపెనీ ఉంది. దానికి సలహాదారులు ఈ ప్రయోగశాల పెద్దలే: ప్రొఫెసర్ బెంతాంకోర్, ఆయన కింద డాక్టర్ సుల్మా. నీళ్లు పట్టుకొచ్చిందీ వాళ్లే.

యంత్రం ఆరింటికీ ఒకటే చెప్పింది. సీసం లేదు.

నీళ్లు పట్టడానికి తీసుకెళ్లిన పెట్టె సర్దుతూ ఒలెగారియో అందులోని ఆసిడ్ బుడ్డి చూశాడు. మూత సీలు ఊడలేదు. నీళ్లు పట్టగానే రెండు చుక్కలు వేయాలి. లేకపోతే సీసం నీళ్లలో నిలవదు, సీసా గోడకు అతుక్కుపోతుంది. ఆ సంగతి అతనికి నేర్పింది ప్రొఫెసరే.

"సుల్మమ్మా, చుక్కలు వెయ్యలేదు మీరు."

ఆమె తలుపు వైపు చూసింది. "కడిగెయ్, ఒలెగారియో. నన్ను ఇరికించకు."

గోడకు పట్టింది ఊడేలా ఆసిడ్ పోసి కడిగాడు. నాలుగో సీసా కడిగిన ఆసిడ్ మాత్రం పారబోయలేదు. తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మా అమ్మాయి బావిదమ్మా."

సుల్మా దాన్ని యంత్రానికి ఎక్కించింది. అంకె పైకి పోయింది. ఇంకా పోయింది.

ప్రొఫెసర్ మాతే అనే ఆకు టీ పోసిన సొరబుర్ర చేత్తో పట్టుకుని, గొట్టం పీలుస్తూ వచ్చాడు.

"ఇదెక్కడిది?"

"సీసా గోడకి పట్టిందండి," అంది సుల్మా.

"అయితే సీసా మురికిది. కడిగిందెవరు?"

"వీటితో పాటే కడిగి, నీళ్లు పట్టకుండా మిగిలినవి ఇంకో రెండు ఉన్నాయయ్యా. వాటి గోడకీ సీసం ఉందేమో చూడండి," అన్నాడు ఒలెగారియో.

"చూసింది చాల్లే. ముసలాడివైపోయావు, చూపు ఆనట్లేదు. ఇంటికెళ్లి పుట్టబోయే మనవణ్ణి ఆడించుకో ఇక." నవ్వి, భుజం కూడా తట్టాడు.

వారం తిరక్కముందే నీళ్ల పరీక్ష కాగితం పేటంతా పంచారు. ఆ సాయంత్రం నెలీదా పొయ్యి మీద పెట్టిన కెటిల్‌ని ఒలెగారియో వాకిట్లో వంచేశాడు.

"ఏంటి నాన్నా ఇది? నీళ్లు బాగున్నాయని ఇద్దరు డాక్టర్లు సంతకం పెట్టారు!"

"బాగాలేవమ్మా."

"ఎవరన్నారు?"

"నేను."

నెలీదా కాగితం తిప్పి చూసింది. "ఒక సీసా సరిగా కడగలేదు, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు అని కింద రాశారు. అది నువ్వేనా?"

అతను తన గోళ్లు చూసుకున్నాడు. ఆసిడ్‌కి ఎప్పుడో పసుపు తిరిగిన గోళ్లు.

నెలీదా కెటిల్ తీసుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, మెల్లగా బావి దగ్గరికి నడిచింది.