నాలుక కట్టిన గంట

నేను ఒక కంచుగంటను. పుట్టింది శ్రీకాకుళం వైపు ఒక కంచరి కొట్టంలో, బతుకంతా గడిపింది ఆఫ్రికాలోని మలావీలో. నన్ను పోతపోసిన ముసలి కంచరి అచ్చు పగలగొట్టి, ఒక దెబ్బ వేసి, చెవి పెట్టి విని, "దీని గొంతు రెండూళ్లు దాటిపోద్ది" అన్నాడు. అప్పుడు ఆ మాటకు పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

నన్ను చేయించినావిడ గుంటూరు జిల్లా మఠకన్య సిస్టర్ ఇన్నాసమ్మ. ఎయిడ్స్‌తో తల్లీతండ్రీ పోయిన పిల్లల కోసం ఆమె మఠం మలావీలో నడిపే ఆశ్రమానికి ఆమే పెద్ద, అందరికీ మదర్. రేకుపెట్టెలో పాత దుప్పట్లు చుట్టి నన్ను అక్కడికి మోసుకెళ్లి, గుడి ముందు రెండు స్తంభాల మధ్య వేలాడదీసింది. ఈ మనుషులు తమాషా మనుషులు. దేవుడితో గుసగుసగా మాట్లాడతారు, పక్కింటివాణ్ని పిలవడానికి మాత్రం కంచు కావాలంటారు.

నాకు అక్కడ రెండు పనులు. పొద్దునా సాయంత్రం గబగబా మోగితే, పుట్టుకతోనే ఆ జబ్బు అంటిన పిల్లలు మాత్రలు వేసుకునే వేళ. ఆగి ఆగి మోగితే ఎవరో పోయారని. మొదటి దెబ్బ రెండింటికీ ఒకటే. అది పడగానే పిల్లలు మొక్కజొన్న సంకటి ముద్దను నోటి దగ్గరే ఆపేసేవారు. రెండో దెబ్బ వెంటనే పడితే మళ్లీ తినేవారు. పడకపోతే ముద్ద కంచంలో పెట్టేసి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేవారు.

ఆశ్రమం నర్సు పేరు సిస్టర్ ఆరోగ్యం. ఆ ఏడాది ఆమె చుట్టుపక్కల గుడిసెల్లో అవ్వల దగ్గర పెరిగే అనాథలకు కూడా మందు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ గుడిసెల్లో గడియారాలు లేవు. అందుకని ఇల్లిల్లూ తిరిగి, "గంట మోగితే మాత్ర. మానేస్తే జబ్బు తిరగబడుద్ది, ఇక మందు మాట వినదు" అని నూరిపోసింది.

మొక్కజొన్న చేనుకు అవతల తియామికే అనే పిల్ల ఉండేది. అవ్వే దానికి దిక్కు. అవ్వను అక్కడ అగోగో అంటారు. ఎముకల గూడులా ఉన్న పిల్ల, మందు పడ్డాక బుగ్గలు తేరి పరుగులు తీసేది. మాత్ర మింగి చేను గట్టు మీదికి వచ్చి, మింగానన్నట్టు నావైపు చెయ్యెత్తేది. నాకు ఆ పిల్లంటే ప్రాణం.

ఇంతలో ఈస్టర్ ముందటి గురువారం వచ్చింది. పూజలో నన్ను చాలాసేపు మోగించాక, ఇన్నాసమ్మ నిచ్చెనెక్కి ఊదారంగు గుడ్డతో నా నాలుక కట్టేసింది. ప్రభువు శ్రమల రోజుల్లో గంట మోగకూడదు, ఆయన తిరిగి లేచేదాకా చెక్కలే వాయించాలి. ఆమె పుట్టిన ఊళ్లో తాతల నాటి నుంచి అదే ఆచారం. ఆశ్రమం పిల్లలు చెక్కల టకటకకే వచ్చి మాత్రలు మింగారు. ఆ చప్పుడు చేను దాటలేదు. పండగ హడావిడిలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

నాకు మాత్రం ఎత్తు మీద నుంచి అంతా కనిపిస్తూనే ఉంది. శుక్రవారం పొద్దున తియామికే గట్టు మీదికొచ్చి నన్ను చూస్తూ నిలబడింది. చెయ్యెత్తలేదు. సాయంత్రం కూడా అంతే. శనివారం అగోగో ఒక్కతే వచ్చి, చూసి చూసి వెళ్లిపోయింది. ఇంత కంచూ ఒక గుడ్డపీలికకు లొంగిపోయిందే అని కుమిలిపోయాను.

ఆదివారం పొద్దున కట్టు విప్పి నన్ను మోగించారు. జనం ఇంకా పండగ పాటల్లో ఉండగానే, అగోగో మనవరాలిని వీపున కట్టుకుని చేనుకు అడ్డంపడి వచ్చింది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది.

"మందు ఎందుకు మానేశావమ్మా?" అంది సిస్టర్ ఆరోగ్యం.

"దేవుడు చనిపోయాడు, అందుకే గంట కొట్టరని మీవాళ్లే చెప్పారు. ఊళ్లో శవం లేవకముందు మేం చేలోకి పారైనా పట్టుకెళ్లం. అంత పెద్దాయన పోతే నా పిల్లకి మందెట్టా పెట్టుకుంటాను? ఇవాళ గంట వినగానే పెట్టాను తల్లీ. కక్కేసింది."

ఇన్నాసమ్మ కట్టు విప్పిన నా నాలుకవైపు చూసింది. "మా ఊళ్లో ఈ రోజుల్లో గంట ఎప్పుడూ కొట్టలా ఆరోగ్యం" అంది, ఎవరో అడిగినట్టు.

"మన ఊళ్లో గంట విని మాత్రలేసుకునేవాళ్లు లేరు గదా మదర్."

ఆ జ్వరం మలేరియాదో, మందు మానినందుకు వచ్చిందో సిస్టర్ ఆరోగ్యం తేల్చలేకపోయింది. పిల్ల మాత్రం తేరుకోలేదు. ఒక మధ్యాహ్నం ఇన్నాసమ్మ స్వయంగా వచ్చి నా తాడు లాగింది. మొదటి దెబ్బ పడింది. పిల్లల ముద్దలు ఆగాయి. ఆమె తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రెండో దెబ్బ చాలాసేపటికి గాని పడలేదు.

మరుసటి ఏడు ఆ గురువారం మళ్లీ వచ్చింది. ఊదా గుడ్డ పెట్టెలోంచి బయటికి రాలేదు. శుక్రవారం పొద్దున, అందరూ దిగులు ముఖాలతో గుళ్లో కూర్చుని ఉండగా, ఇన్నాసమ్మ బయటికొచ్చి నన్ను గబగబా మోగించింది. గుళ్లో కొందరు గొణిగారు. ఆమె వినిపించుకోలేదు. చేనువైపే చూస్తోంది.

గట్టు మీదికి అగోగో వచ్చింది. ఆ గుడిసెలో ఇప్పుడు మాత్రలు లేవు, మింగే పిల్లా లేదు. అయినా ఆమె నావైపు చూసి చెయ్యెత్తింది.