బీరువాలోని లైసెన్సులు

వెంకన్న నోట్లోంచి రక్తం కారుతూనే ఉంది. అయినా లారీ ఎక్కమన్నాడు కాంట్రాక్టరు మురళీమోహన్.

ఆలేరు బయట, హైవే పక్కన పార్సిళ్ల గోదాము. ముప్ఫై మంది డ్రైవర్లు చూస్తుండగా పట్టపగలు కొట్టించాడు. రెండు రోజులుగా నిద్ర లేదు, మక్తల్ లోడు తన వల్ల కాదు అన్నాడు వెంకన్న. అంతే నేరం. కాంట్రాక్టరు మనుషులు వీల్ పానాతో మూతి మీద కొట్టారు.

పనిలో చేరిన రోజే ప్రతివాడి లైసెన్సు గుంజుకుని, జిరాక్సు కాగితం చేతిలో పెట్టి, అసలుది ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసేవాడు మురళీమోహన్. అది లేనివాణ్ణి ఇంకెవరూ పనిలో పెట్టుకోరు.

"ఎక్కన్నా, జర ఓపిక పట్టు. లైసెన్సు చింపేస్తడు" అంటూ చెయ్యందించి వెంకన్నను సీట్లో కూర్చోబెట్టింది పరమేశ్వరే. మగ్గం మీద బతకలేక స్టీరింగు పట్టిన ఇరవై మూడేళ్లవాడు, అది తొలి కొలువు. ఇప్పుడు డ్రైవర్ల సంఘం మీటింగుల్లో ఈ సంగతి చెప్పేటప్పుడు ముందు ఆ చేతినే ఎత్తి చూపిస్తాడు.

సాయంత్రానికి లారీ మలుపులో బోల్తా పడింది. వెంకన్న కేబిన్‌లోనే నలిగి చనిపోయాడు.

మర్నాడు పొద్దున భార్య ఈదమ్మ, చుట్టాలు దవాఖాన నుంచి శవాన్ని తెచ్చి గోదాము గేటు ముందు దించి, చుట్టూ కూర్చున్నారు. కాంట్రాక్టరుకు మాత్రం లోడే ముఖ్యం.

"పరమేశ్వర్, బండి తియ్. మీదికొస్తుంటే వాళ్లే లేస్తరు."

పరమేశ్వర్ బండి తీశాడు. కడుపు కోసం తీశాడు, దాచేదేముంది. లారీ గేటు దాకా వచ్చింది. ఈదమ్మ లేవలేదు.

"తొక్కియ్ తమ్మీ! నిన్న నా మొగన్ని ఎక్కిచ్చినవ్. ఇయ్యాల నా మీదికెల్లి ఎక్కియ్!"

పరమేశ్వర్ ఇంజను ఆపాడు. తాళంచెవి మురికికాలువలోకి విసిరి కిందికి దిగాడు.

"నేను తియ్య. నా లైసెన్సు నాకియ్యి."

ఈసారి పానా అతని భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. నోరు మాత్రం ఆగలేదు. "ఏం జూస్తున్నరన్నా? రేపు ఎవని శవం దించుదాం?"

"పోలీసులొస్తరురా, కేసులైతయ్" అన్నాడు ఒక ముసలి డ్రైవరు.

"ఇప్పుడు శవాలైతున్నం గద!" అని ఇంకొకడు లారీ దిగాడు. తర్వాత అందరూ దిగారు. కొట్టేవాళ్ల చేతుల్లోంచి పానాలు గుంజుకున్నారు. ఆఫీసు అద్దాలు పగిలాయి. టేబులు కింద దూరిన మురళీమోహన్‌ను కాలరు పట్టి లాక్కొచ్చి శవం ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. ఆరు దెబ్బలకు బీరువా తలుపు ఊడింది. పేర్లు చదువుతూ ఎవరిది వాళ్లకు పంచారు. వెంకన్నది ఈదమ్మ చేతిలో పెట్టారు.

వెంకన్నను కొట్టినప్పుడు దొరకని లాఠీలు బీరువా పగలగానే దొరికాయి. పోలీసులు తలలు పగలగొట్టారు. ఈదమ్మను జుట్టు పట్టి ఈడ్చారు. లైసెన్సు ముడేసుకున్న కొంగును ఆమె వదల్లేదు.

వ్యాను ఎక్కిస్తూ "నీ పేరేందిరా?" అన్నాడు ఎస్సై.

పరమేశ్వర్ బాగున్న చేత్తో జేబులోంచి లైసెన్సు తీసి చూపించాడు. కొలువులో చేరిన మూడేళ్లలో అతని జేబులో అది ఉండటం ఇదే మొదటిసారి.

రోడ్డు అవతల ఇంకో గోదాము. అక్కడి డ్రైవర్లు అప్పటిదాకా గోడ ఎక్కి చూస్తున్నారు. వ్యాను కదలగానే వాళ్లు దిగి, తమ కాంట్రాక్టరు బీరువా ఉన్న గదివైపు గుంపుగా నడిచారు. చేతుల్లో పానాలు ఉన్నాయి.