ఫ్లాస్కు ఎవరి చేతిలో ఉంది

ఔషధ రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలంటే ఏమేం కావాలో ప్రకటనలో చక్కగా రాసి ఉంటుంది. ఎం.ఫార్మసీ ఉండాలి, అందులో మంచి మార్కులుండాలి, ప్రవేశ పరీక్ష గట్టెక్కి ఉండాలి, ఇంటర్వ్యూలో తాను చేసిన పని గురించి నోరు విప్పి మాట్లాడగలగాలి. ప్రకటనలో రాయనిది ఒకటుంది. ఆ ఇంటర్వ్యూ చేసేది యూనివర్సిటీలో ఆ శాఖ పెద్దాయన. పిల్లలు ఆయనకు పెట్టుకున్న పేరు గురుత్వాకర్షణ. దగ్గరికి వెళ్ళినవాడు ఎవడైనా కింద పడాల్సిందేనని వాళ్ళ ఉద్దేశం.

ఆయనది ఒకటే పద్ధతి. పుస్తకంలో ఉన్న ప్రశ్నలు అడగరు. ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన ప్రాజెక్టయితే దాన్ని మెట్టు మెట్టుగా విప్పి, ఒక్కో మెట్టు దగ్గర ఆగి, "ఇక్కడ ఫ్లాస్కు ఎవరి చేతిలో ఉంది?" అని అడుగుతారు. అది తేలేదాకా పై మెట్టుకు కదలరు. పక్కవాళ్ళ కష్టాన్ని తమదిగా చెప్పుకుని వచ్చినవాళ్ళు చాలామంది ఆ ఒక్క ప్రశ్న దగ్గరే బోర్లా పడ్డారు.

ఆ ఏడు ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే సీటు. దాని కోసం వెళ్ళినవాళ్ళలో నేనున్నాను, మా వదిన ఉంది.

వదిన కాకముందు తను నా స్నేహితురాలు. ఎం.ఫార్మసీలో మాది పక్కపక్క బల్ల. కొన్నాళ్ళు మందుల కంపెనీలో పనిచేసి, విసిగిపోయి మళ్ళీ చదువుకు వచ్చింది కాబట్టి నాకంటే పెద్దది. మా అన్నయ్యకు తనని చూపించింది నేనే, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించింది నేనే, అమ్మను ఒప్పించింది కూడా నేనే. ఆడపడుచు అర్ధమొగుడంటారు. పెళ్ళయిన కొత్తలో వదిన పగలంతా నాతో ల్యాబులోనే ఉండేది కాబట్టి నేను ముప్పాతిక మొగుణ్ణని అన్నయ్యను ఏడిపించేదాన్ని. వాడు నవ్వేవాడు. మా అన్నయ్య ఎవరినీ నొప్పించడు, ఎవరితోనూ తగువు పెట్టుకోడు. వాడంటే నాకు అందుకే ప్రాణం.

మా ప్రాజెక్టు ఇద్దరిదీ ఒకటే. ఫంగస్ జబ్బుల మీద పనిచేస్తుందని ఆశపడి ఒక కొత్త అణువును తయారు చేశాం. అందులో మొదటి మెట్టు, రెండు చిన్న అణువులను ఒకదానికొకటి అతికించడం. అతికించడానికి డీసీసీ అనే రసాయనం వాడతారు. మొదటిసారి వదిన ఆ సీసా మూత తీసినప్పుడు నేను పక్కనే వేరే పనిలో ఉన్నాను. సాయంత్రానికి నా కనురెప్పలు ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. మెడంతా దద్దుర్లు. డాక్టరమ్మ చూసి, ఇది కొందరికి అసలు పడదని, ఒళ్ళు ఒకసారి దాని మీద పగ పట్టిందంటే ఇక మరిచిపోదని, జన్మలో దాని దగ్గరికి వెళ్ళొద్దని చెప్పింది.

ఆ తరవాత ఆ మెట్టంతా వదినే చేసేది. నన్ను గది బయటికి పంపి, తలుపు వేసుకుని, పని ముగించి, బల్ల శుభ్రంగా తుడిచి, చేతులు కడుక్కున్నాక, "ఇక రావే మహారాణీ" అని పిలిచేది. నేను అడగకుండానే చేసింది. మిగతావన్నీ, అంటే వచ్చిన ముద్దను శుద్ధి చేయడం, మొండికేసే స్ఫటికాలను రప్పించడం, అది మేం అనుకున్న అణువేనని పరీక్షలతో రుజువు చేయడం, ఎక్కువగా నేనే చూసుకునేదాన్ని. ఎవరి వాటా ఎంతని మేం ఎప్పుడూ లెక్కలు వేసుకోలేదు. వేసుకోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

చదువయ్యాక వదిన ఇంట్లో ఉంది. నేను ఒక డిప్లొమా కాలేజీలో ల్యాబు చూసుకునే ఉద్యోగంలో చేరాను. పిల్లలు బ్యూరెట్టు కుళాయి తిప్పుతుంటే, రంగు మారిందా లేదా అని తొంగి చూడటమే నా పని. రంగు ఎప్పుడూ మారుతుంది. ఎప్పుడు మారుతుందో కూడా ముందే తెలుసు. అక్కడ నిలబడి ఉంటే మా అణువే గుర్తొచ్చేది. దాన్ని సగంలో వదిలేశాం. దాని చివర ఒక చిన్న కొమ్మ మారిస్తే ఏమవుతుందో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. తెలుసుకునేది నేనే కావాలని నాకు పిచ్చి పట్టినంత కోరిక. ఆ సీటు నాకు అందుకే కావాలి. వదినకూ కావాలి, అదీ ఆ ఏడే. తన ప్రవేశ పరీక్ష ఫలితం చెల్లుబాటు ఆ ఏడుతో అయిపోతుంది. నాకింకా వ్యవధి ఉంది.

ఇంటర్వ్యూకు ముందు ఆదివారం మా వంటింట్లో తయారీ నడిచింది. అన్నయ్య చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ, ముక్కు మీదికి కళ్ళజోడు జార్చుకుని, పెద్దాయన వేషం కట్టాడు.

"చెప్పమ్మా, ఇక్కడ ఫ్లాస్కు ఎవరి చేతిలో ఉంది?"

"నీ చేతిలో చిక్కుడుకాయ ఉంది, ముందు దాని సంగతి చూడు" అన్నాను.

నవ్వులయ్యాక నా మనసులో ఉన్న భయం బయటపెట్టాను. ఆయన ల్యాబులో డీసీసీ వాడని రోజుండదు. నాకది పడదని చెబితే, పొయ్యి దగ్గరికి రాలేని వంటమనిషి ఎందుకని పంపించేయరా?

వదినే దారి చూపించింది. "చెప్పడమెందుకే? అన్ని మెట్లకూ ‘మేం చేశాం’ అను. నేనూ ‘మేం’ అనే అంటాను. గుచ్చి గుచ్చి అడిగితే ఇద్దరం చేశామందాం. మనిద్దరం ఒకటే మాట మీదుంటే ఆయనేం చేస్తాడు?"

"అది అబద్ధం కదా వదినా."

"అతికింపు నేను చేశాను, అతికించిందేంటో నువ్వు తేల్చావు. ఇద్దరం చేసినట్టే. ఇందులో అబద్ధమేముంది?"

నేను అన్నయ్య వైపు చూశాను. వాడు ఈనె తీసి పక్కన పెట్టి, "తను చెప్పింది బాగానే ఉంది బుజ్జీ, అలాగే కానివ్వు" అన్నాడు. వాడు బాగుందంటే నాకిక బాగున్నట్టే.

ఇంటర్వ్యూ రోజు మమ్మల్నిద్దరినీ కారులో దింపింది అన్నయ్యే. శాఖ వరండాలో ఇనుప కుర్చీలు, గోడకు ఎవరెవరివో పాత పరిశోధనల బొమ్మలు, ఎక్కడినుంచో ఈథర్ వాసన. ఆ వాసనకే నా కడుపు నిండిపోయింది. ముందు నన్ను పిలిచారు. వదిన నా చెయ్యి గట్టిగా నొక్కి, "‘మేం’, గుర్తుంచుకో" అంది.

పెద్దాయన పక్కన ఇంకో ఇద్దరున్నారు గానీ మాట్లాడింది ఆయనొక్కరే. విన్నంత భయంకరంగా ఏమీ లేరు. మా స్ఫటికాలు ఎలా వచ్చాయో చెబుతుంటే ముందుకు వంగి విన్నారు. ఒకచోట, "భలే పని చేశావమ్మా" అన్నారు. తరవాత వెనక్కి వెళ్ళి మొదటి మెట్టు దగ్గర ఆగారు.

"ఇక్కడ ఫ్లాస్కు ఎవరి చేతిలో ఉంది?"

"ఇద్దరం చేశాం సార్."

ఆయన నా ముఖంలోకి ఒక క్షణం చూసి, సరేనని తలూపారు. బయటికొచ్చి వదినకు కళ్ళతోనే చెప్పాను, బాగా జరిగిందని. తను లోపలికి వెళ్ళింది. చాలాసేపు ఉంది. వచ్చాక నా పక్కన కాకుండా కిటికీ దగ్గర నిలబడింది. కంగారు తగ్గలేదేమో అనుకున్నాను. ఇంతలో నన్ను మళ్ళీ పిలిచారు.

"ఇందాకటి మాటే మళ్ళీ అడుగుతున్నానమ్మా" అన్నారు పెద్దాయన. "మొదటి మెట్టు గురించి నువ్వు మార్చి చెప్పుకోవాల్సిందేమైనా ఉందా?"

ఆ గొంతులో ఉన్నది దయ అని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఉచ్చు అనుకున్నాను. వదిన మాట మీద నిలబడి ఉంటుంది, నేను జారితే తను అబద్ధాలకోరు అవుతుందని భయపడ్డాను. నిజంగా నాకు తట్టింది అదే.

"లేదు సార్. ఇద్దరం చేశాం."

"అయితే డీసీసీని సీసాలోంచి ఎలా తీస్తావు?"

"స్పాచులాతో తీసి తూచుకుంటాం సార్."

పక్కనున్న ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అది సీసాలో మైనంలా గడ్డకట్టి ఉంటుందమ్మా. మేమైతే సీసాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, కరిగాక పోసుకుంటాం. మీ వదినా అలాగే చేశానని చెప్పింది. నీకది పడదనీ, ఆ పని జరిగినప్పుడల్లా నువ్వు గదిలోనే లేవనీ కూడా చెప్పింది."

నేను బల్ల మీది కళ్ళజోడు వైపే చూశాను.

"పడకపోవడం తప్పు కాదు" అన్నారాయన. "నా దగ్గర చేసేవాళ్ళలోనే పడనివాళ్ళున్నారు. వాళ్ళు వేరే రసాయనంతో అతికిస్తారు, పని జరిగిపోతుంది. కానీ నేను చూడనప్పుడు ల్యాబులో ఏం జరిగిందో నాకు పిల్లల నోటి మాటే ఆధారం. అందుకే రెండోసారి అడిగాను."

ఆ అబద్ధం నాది కాదు, నాకు నేర్పింది తనేనని అరవాలనిపించింది. ఎలా అంటాను? దొరికిపోయాక పక్కవాళ్ళ మీదికి నెట్టేవాళ్ళను ఆయన ఎంతమందిని చూసి ఉంటారు! నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. ఆయన ఇంకెప్పుడూ నన్ను లోపలికి రానివ్వరని నాకు అర్థమైపోయింది. చేతికందిన సీటు పోయింది. మా అణువు పోయింది.

వదిన ఇంకా కిటికీ దగ్గరే ఉంది.

"ఏం చెప్పావు వదినా?"

"అడిగారే. కళ్ళలోకి చూసి అడిగేసరికి నోటికి అబద్ధం రాలేదు." తన కళ్ళలో నీళ్ళున్నాయి. "నిజమే చెప్పాను. నీ మీద లేనిపోనివేం చెప్పలేదు, ఒట్టు."

నిజమే. తను చెప్పిన ప్రతి మాటా నిజమే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత మా అమ్మ రోజూ అంటుంటే నాకు నవ్వొచ్చేది. అయినా నాలో ఒక మూల వదిన మీద జాలి పుట్టింది. ఆ పెద్దాయన ముందు నిలబడితే ఎవరికైనా నాలుక తడబడుతుంది. తనూ తడబడి ఉంటుంది. కావాలని చేసి ఉండదు. చెప్పొద్దూ, అలా అనుకుంటే కాస్త ఊపిరి ఆడింది.

అంతలో ఆఫీసు గుమస్తా వచ్చి, సర్టిఫికెట్లు చూపించాలి రమ్మని వదినను తీసుకెళ్ళాడు. నేను మెట్లు దిగి కారు దగ్గరికి వెళ్ళాను. అన్నయ్య అద్దం తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ లోపల పడేసి, నేను కూర్చున్నాక తనూ కూర్చుని, నా భుజం తట్టాడు.

"పోనీలే బుజ్జీ, బాధపడకు. వచ్చే ఏడు ఇంకెక్కడైనా చూద్దాం. నీకింకా టైముంది."

ఏడుపు ముంచుకొచ్చింది. వాడి భుజం మీద తల పెట్టబోయి ఆగిపోయాను. నేనింకా ఏమీ చెప్పలేదు. ఫోనన్నా చేయలేదు. వదిన నా కళ్ళ ముందే లోపలికి వెళ్ళింది, తన ఫోను నా సంచీలోనే ఉంది.

"నాకు రాలేదని నీకెవరు చెప్పారు అన్నయ్యా?"

వాడు తాళంచెవి తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వదిన నిజం చెప్పేస్తుందని నీకు తెలుసా?"

ఎవరినీ నొప్పించని మా అన్నయ్య అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. "నిన్న అనుకున్నాం" అన్నాడు. "తనకిది ఆఖరి ఏడు కదే. ఇంట్లో కూర్చుని కుమిలిపోతోంది. నువ్వు చిన్నదానివి, తెలివైనదానివి, నీకేంటి?"

"నేను తెలివైనదాన్నే. అందుకని నన్ను తోసేయాలా?"

"తోసేయడమేంటే, అంత మాట! అది నిజమేగా చెప్పింది?"

"మరి నిన్న మీరు అనుకున్నాక నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా? పొద్దున్న ఈ కారులోనే తీసుకొచ్చావు. దారి పొడుగునా నా పక్కనే ఉన్నావు. ‘బుజ్జీ, మేం మనసు మార్చుకున్నాం, నువ్వూ జాగ్రత్త’ అంటే నీ సొమ్మేం పోయేది?"

వాడి గొంతులో కోపం లేదు, కపటం కూడా లేదు.

"చెప్తే నువ్వూ నిజమే చెప్పేసేదానివి. అప్పుడు సీటు నీకే ఇచ్చేవారు."

పుట్టి బుద్ధెరిగాక మా అన్నయ్య నా గురించి అంత మంచి మాట అనగా నేనెప్పుడూ వినలేదు. తలుపు తీసుకుని కారు దిగిపోయాను.