ఎడమచేతి రాత

కుక్కర్ మూడో కూత వేసేలోపు ఒక పేజీ అయిపోవాలి. రెండేళ్లుగా సాయంత్రం పూట ఇదే నా పరుగు. పొయ్యి పక్క గట్టు మీద పాప హోంవర్క్ నోట్సు పెట్టుకుని ఎడమచేత్తో రాసేదాన్ని. కుడిచేత్తో రాస్తే పెద్దవాళ్ల రాత అని పట్టేస్తారు మరి. మొదట్లో పాపే రాసేది. రెండు వరుసలకు గంట పట్టేది, అక్షరాలు తిరగబడేవి, కళ్లు ఎర్రబడేవి. ఆయన ఆఫీసు నుంచి రాగానే నోట్సు తెరిచి, "కోడి కెలికినట్టు ఏంటే ఈ రాత? మొద్దు! అచ్చం అమ్మ పోలికే," అనేవాడు. అత్తయ్య లోపల్నుంచి, "తల్లి ఉద్యోగాలు వెలగబెడుతుంటే పిల్లలు ఇలాగే తగలడతారు," అనేది. ఒకసారి, ఆ ఒక్కరోజుకి తిట్లు తప్పిద్దామని నేను రాశాను. మర్నాడు టీచరు నక్షత్రం వేసింది. ఆయన పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. దాని నవ్వు చూశాక మానలేకపోయాను, నా ఖర్మ.

ఈ ఏడాది పాప బడి మాటే ఎత్తడం మానేసింది. "మళ్లీ పిల్ల గొడవేనా?" అన్న మేనేజరు మాట దిగమింగి, సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డిస్లెక్సియా, అంటే చదివేటప్పుడూ రాసేటప్పుడూ అక్షరాలు తికమకపడే ఇబ్బంది, అని కాగితం రాసిచ్చిందావిడ. "తెలివికేం లోటు లేదమ్మా. టీచరు సంతకం పెడితే పరీక్షల్లో ఎక్కువ టైమిస్తారు, జవాబులు నోటితో చెప్పనిస్తారు," అంది. బస్సులో ఏడ్చాను, సంతోషంతోనే.

ఇవాళ ఆ కాగితం పట్టుకుని ఆయనా, పాపా, నేనూ బడికి వెళ్లాం. టీచరు దాన్ని పక్కకు నెట్టి, రెండు నోట్సులు నా ముందు పెట్టింది. క్లాసుది ఖాళీ. హోంవర్క్‌ది నిండా నక్షత్రాలు.

"ఇంట్లో ఇంత చక్కగా రాసే పిల్లకి ఇక్కడేం రోగమండీ? కావాలని మొండికేస్తోంది. అందుకే రోజూ తలుపు బయట నిలబెడుతున్నా. నేను సంతకం పెట్టను."

"విన్నావా?" అన్నాడాయన పాపతో. "పొగరు!"

రోజూ నిలబెట్టారట. నా తల్లి నాతో ఒక్క మాటైనా అనలేదు. నేను రాసిన ప్రతి పేజీకీ అది ఒక రోజు బయట నిలబడింది. నేను నోరు తెరవబోతుంటే పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో గొణిగింది.

"చెప్పకమ్మా. నిన్ను కూడా నిలబెడతారు."

టేబుల్ మీది పెన్సిల్ ఎడమచేత్తో తీసుకున్నాను. ఆ ఖాళీ నోట్సులో, నక్షత్రమున్న పేజీ చూసి మొదటి వరుస రాశాను. అదే రాత. అదే వంకర. టీచరు మొహం పాలిపోయింది. "ఇంటికి పద, నీ పని చెప్తా," అన్నాడాయన పళ్ల బిగువున.

"రెండేళ్లుగా రాసింది నేనేనండీ," అన్నాను టీచరుతో. "ముందు ఈ కాగితం మీద సంతకం పెట్టండి. తర్వాత నన్నెక్కడ నిలబెడతారో నిలబెట్టండి."