చూసే చెయ్యి

మా ఇంటి కింది అంతస్తంతా దూది పరుపుల దుకాణం. ముందు గదిలో మామగారు వచ్చినవాళ్ళతో బేరాలాడతారు. నడిమి గదిలో దూది ఏకే మిషను. వెనక గదిలో నింపడం, కుట్టడం. ఆ వెనక గది మా అత్తగారిది. అక్కడికి మామగారైనా దగ్గి గాని రారు. పనివాళ్ళు ఆవిడను చాటుగా ఇన్‌స్పెక్టరమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, దాని మీద కాస్త గర్వం కూడా.

ఆ గదిలో ఒకటే చట్టం: నింపిన చెయ్యి చూడకూడదు. పరుపులో దూది నింపేవాళ్ళు వేరు, మూతి కుట్టే ముందు ఎక్కడైనా ఉండ కట్టిందేమోనని తడిమి చూసేవాళ్ళు వేరు. నింపిన చేతికి ఆ పరుపు అలవాటైపోతుందని, ఉన్న ఉండ కూడా లేనట్టే తగులుతుందని ఆవిడ నమ్మకం. నింపడంలో ఆవిడ దిట్ట కాబట్టి చూడటానికి ఇంకొకరు కావాలి. డిగ్రీ చదివిన కోడలి చేత పరుపులు తడిమించడమేమిటని మామగారు మొహమాటపడితే, "డిగ్రీ ఏమైనా వేళ్ళకి అడ్డమా?" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

ఉండ పెద్దదైతే మూతి విప్పి తీస్తాం. చిన్నదైతే అత్తగారు విప్పనిచ్చేది కాదు. ఎండలో వేడెక్కిన పరుపు మీద వేళ్ళ కణుపులు ఆనించి, పైనుంచే పిసికి పిసికి విడదీసేది. ఎంత ప్రయత్నించినా ఆ విద్య నాకు పట్టుబడలేదు.

ఒక మధ్యాహ్నం కత్తెర కోసం వెనక గదికి వెళ్ళాను. పనివాళ్ళు భోజనాలకు పోయారు. అత్తగారు మూతి కుట్టని పరుపు మీద తలుపుకు వీపు పెట్టి కూర్చుని ఉంది. పక్కన హాట్‌వాటర్ బ్యాగు. కుడిచెయ్యి బట్టల లోపల ఎడమ వైపు రొమ్ము మీద ఉంది. భుజం ఒక లయలో కదులుతోంది. ఆ లయ నాకు బాగా తెలిసినదే.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

ఆవిడ ఉలిక్కిపడలేదు. చెయ్యి మాత్రం తీసేసింది.

"తలుపు కొట్టి రావాలని మీ కాలేజీలో చెప్పలేదా?"

"తలుపు తీసే ఉంది. అక్కడేమైంది?"

"ఏమవుతుంది, చిన్న ఉండ కట్టింది. స్నానం చేస్తుంటే తగిలింది. రోజూ కాపడం పెట్టి పిసుకుతున్నాను. మెత్తబడుతోందిలే."

"రోజూ అంటే ఎన్నాళ్ళనుంచి?"

"చలి తగ్గినప్పటినుంచి."

అప్పటికి ఫ్యాన్లు తిరుగుతూ రెండు నెలలు దాటింది. ఆవిడ పక్కనే కూర్చున్నాను.

"డాక్టరుకి చూపిద్దాం పదండి."

"నొప్పుంటే కదా డాక్టరు. ఇసుమంత నొప్పి లేదు."

"నొప్పి లేకపోతే ఏమీ లేదని కాదు. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదట."

"పేపర్లో చదివావా?"

"చదివాను."

"పేపరువాళ్ళు నిరుడు మన దూది పరుపులతో నడుం నొప్పి వస్తుందని కూడా రాశారు." ఆవిడ బ్యాగులో నీళ్ళు బకెట్లోకి వంపింది. "హోటలువాళ్ళు ఆర్డరిచ్చిన పరుపులు ముందు పోనీ. ఈలోపు ఎవరితోనైనా అన్నావో, నీకూ నాకూ మాటల్లేవు."

రాత్రి భోజనాల దగ్గర అన్నాను. పళ్ళెం ముందు పెట్టుకుని, మామూలు గొంతుతో, అత్తయ్యకు రొమ్ములో గడ్డ తగులుతోంది, పరీక్ష చేయించాలి అన్నాను. మామగారు నిండుగా ఉన్న గ్లాసులోకి మళ్ళీ నీళ్ళు వంపుకున్నారు. మా ఆయన, "తినేటప్పుడు ఇవేం మాటలు" అన్నాడు.

"తినేటప్పుడు కాక ఇంకెప్పుడు? మీ ముగ్గురూ ఒక్కచోట దొరికేది ఇక్కడే."

"అది కాదు. అమ్మ ఇష్టం కూడా చూడాలి కదా."

"అమ్మకి ఇష్టం లేదు," అని అత్తగారు లేచి చెయ్యి కడుక్కుంది. చెప్పినట్టే మర్నాటినుంచి నాతో మాటలు లేవు. కావలసిందేదైనా గోడకు చెప్పేది. "సూదులు అయిపోయాయి" అని గోడతో అనేది, నేను తెచ్చేదాన్ని. "ఎవరికో నోట్లో నువ్వుగింజ నానదు" అని కూడా గోడకే చెప్పింది.

హోటలు పరుపులు వరసగా మూతి కుట్టడానికి వచ్చాయి. నేను వాటి ముందు కూర్చుని చేతులు కట్టుకున్నాను.

కుట్టేవాళ్ళు దారం ఎక్కించి ఎదురుచూశారు. అత్తగారు గోడను అడిగింది, పని ఎందుకు ఆగిందని.

"నేను చూడను," అన్నాను.

ఆవిడ గోడను వదిలేసి నావైపు తిరిగింది. "చూడవా?"

"చూడను. పరుపులో ఉండుందంటే కుట్టిన కుట్టు విప్పిస్తారు మీరు. ఎవరో మొహం తెలియనివాడు ఒక్క రాత్రి పడుకునే పరుపు అది. మీ ఒంట్లో ఉండుందంటే మాత్రం హోటలువాళ్ళ లారీ వెళ్ళేదాకా ఆగాలి. నాకీ లెక్క అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఈ చెయ్యి లేవదు."

కుట్టేవాళ్ళు తలలు వంచుకుని సూదుల్లో ఉన్న దారాన్ని మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టారు.

"తగ్గుతోందని చెప్పానుగా."

"ఎవరి చేత్తో చూసి చెప్పారు?"

ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళోకి లాక్కుంది.

"నింపిన చెయ్యి చూడకూడదన్నది మీరే. రెండు నెలలుగా పిసుకుతున్న చెయ్యది, దానికి అలవాటైపోయింది. మెత్తబడిందని అదెలా చెప్తుంది? మొదటి రోజు తగిలినప్పుడు అది నిజమే చెప్పింది. ఆ తరవాత మీకు కావలసింది చెప్తోంది."

ఆవిడ కుట్టేవాళ్ళతో, "టీ తాగి రండి" అంది. ఇప్పుడే తాగామని ఒకతను అనబోతే పక్కవాడు మోచేత్తో పొడిచి లేవదీశాడు. ఆవిడ తలుపు గడియ వేసి పరుపు మీద పడుకుంది. ఎడమచెయ్యి తల కింద పెట్టుకుని కప్పు వైపు చూస్తూ, "కానివ్వు" అంది.

ఆవిడ నేర్పినట్టే చూశాను. వేలి కొసలతో కాదు, మధ్య మూడు వేళ్ళ మెత్తని భాగంతో. చిన్న చిన్న సున్నాలు చుడుతూ, వరస తప్పకుండా, ఒకసారి తేలిగ్గా, ఒకసారి నొక్కి, ఒకసారి గట్టిగా. మెడ కింది ఎముక దాకా, చంక లోపలి దాకా. చంకకు దగ్గరగా ఉంది అది. శనగగింజంత. వేలి కింద జారలేదు. అంచు గరుకుగా తగిలింది.

నా మొహంలో ఏం కనబడిందో, "విడలేదు కదూ," అంది.

"లేదత్తయ్యా."

"అయితే ఇన్నాళ్ళూ దేన్ని పిసికినట్టు నేను." నన్ను అడగలేదు, తనలో తను అనుకుంది. లేచి బట్టలు సర్దుకుంది. "రేపు పొద్దున్నే వెళ్దాం. ఇప్పుడు పరుపులు చూడు. ఆ టీ తాగేవాళ్ళకి ఇంకోసారి తాగే ఓపిక లేదు."

డాక్టరమ్మ నా వయసుది. చూడటానికి చాలాసేపు తీసుకుంది. తరవాత అడిగింది, "దీన్ని మీ అంతట మీరే కనుక్కున్నారా?"

"నేనే."

"ఇంత చిన్నది చేతికి దొరకడం సామాన్యం కాదు. మరి వెంటనే ఎందుకు రాలేదు?"

"పిసికితే పోతుందనుకున్నాను."

"గడ్డ పిసికితే పోదమ్మా. కనుక్కోవడం వరకే మీ పని. అదేమిటో తేల్చడం మాది."

"అలా అని ముందే బోర్డు పెట్టొచ్చుగా," అంది అత్తగారు.

మమోగ్రాం గదిలో రెండు పలకల మధ్య రొమ్మును నొక్కి ఫొటో తీశారు. బయటికొచ్చి, "మన మిషను దూదిని ఇంతకంటే మర్యాదగా చూస్తుంది" అంది. సూదితో ముక్క తీసేటప్పుడు మాత్రం నా మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న చోటు సాయంత్రం దాకా కందిపోయి ఉంది.

వారానికి రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. ఇంకా చిన్నది, పరీక్షల్లో చంకలోకి పాకినట్టు కనబడటం లేదు. రొమ్మంతా తియ్యక్కర్లేదని, గడ్డ వరకు తీసి తరవాత రేడియేషన్ ఇస్తామని చెప్పింది డాక్టరమ్మ. ఇంకో ఆరు నెలలు ఇంట్లో కాపడం పెట్టుకుని ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్నో లేదో అంది. చివరికి అడిగింది, "ఆడపిల్లలున్నారా మీకు?"

"ఒక్కతే. వేరే ఊళ్ళో ఉద్యోగం."

"ఆమెకు తప్పకుండా చెప్పండి. ఆమె ఎప్పటినుంచి పరీక్షలు చేయించుకోవాలో అక్కడి డాక్టరు చెప్తారు. తల్లికి వచ్చిందని తెలియాలి వాళ్ళకి."

ఇంటికొచ్చేసరికి, ఫోనులో సంగతి విన్న మామగారు అంతా ఆలోచించి పెట్టారు. వీధి తలుపు వేసి, గొంతు తగ్గించి, "ఎవరైనా అడిగితే పిత్తాశయంలో రాళ్ళని చెబుదాం. ఆపరేషనంటే ఆపరేషనే కదా, ఏదైతేనేం" అన్నారు.

"నా పిత్తాశయం ఏం పాపం చేసింది?" అంది అత్తగారు.

"అది కాదే. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. కొట్టు నడుపుకునేవాళ్ళం."

"పరుపులు కొనేవాళ్ళు నా రొమ్ము చూసి కొంటున్నారా ఇన్నాళ్ళూ?"

మా ఆయన కిటికీ వైపు తిరిగాడు. మామగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఓడిపోయినట్టు కుర్చీలో కూర్చుని, "పోనీ పిల్లకైనా ఇప్పుడే చెప్పకు. ఒక్కతే ఉంటుంది అక్కడ. బెంగ పెట్టుకుంటుంది" అన్నారు. అది సిగ్గుతో అన్నది కాదు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

అత్తగారు ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడింది. "చూడండి, నేను రాళ్ళంటాను. అది నమ్ముతుంది. నమ్మి, స్నానాల గదిలో దాని చేతికి ఏదైనా తగిలితే, నొప్పి లేదుగా అనుకుంటుంది. నా కూతురేగా. కాపడం కూడా పెట్టుకుంటుంది." ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "బెంగ పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. బెంగ పెట్టుకునే వెతుక్కోనివ్వండి."

నావైపు చెయ్యి చాచింది. ఫోను కలిపి ఇచ్చాను.

"ఏమే, తిన్నావా? తినకపోతే తరవాత తిందువుగాని. నాకు రొమ్ములో క్యాన్సర్ వచ్చింది. గురువారం కోస్తున్నారు. ఏడవకు, ముందు విను. ఏడుపుకి ఆదివారం ఇంటికొస్తావుగా, అప్పుడు ఇద్దరం కలిసి ఏడుద్దాం. నువ్వెప్పుడైనా చేత్తో చూసుకున్నావా? లేదా. సిగ్గేమిటే, నీది నువ్వు చూసుకోడానికి. ఇప్పుడు లే. తలుపు గడియ పెట్టు. ఫోను స్పీకర్లో పెట్టి పక్కన పెట్టుకో. ఊఁ. ఏమైనా తగిలితే నాలాగా దాచుకోకు, మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళు. తగలకపోయినా వెళ్ళు."

మామగారు లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఆయన కుర్చీని ఫోనుకు దగ్గరగా జరుపుకున్నారు.

"మెల్లిగా చూడు," అంది అత్తగారు. "నాకేం తొందర లేదు. నేను ఇక్కడే ఉన్నాను."